కొత్త బ్యాటరీ వేయించాను, లాప్‌టాప్ మాత్రం బ్యాటరీయే లేదంటోంది

వంశధార_గట్టు (నరసన్నపేట)
సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. తహశీల్దార్ ఆఫీసు బయట చెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు, అఫిడవిట్లు టైపు చేసిపెట్టే పని నాది. ప్రింటు పక్కనున్న జిరాక్స్ షాపులో తీయిస్తాను. చెట్టు కింద ప్లగ్ పాయింట్ ఉండదు కాబట్టి నా రోజు మొత్తం లాప్‌టాప్ బ్యాటరీ మీదే నడుస్తుంది.

లాప్‌టాప్ 2019లో కొన్న హెచ్‌పీ 15 డీఏ సిరీస్. పాత బ్యాటరీ ఈ మధ్య ఇరవై నిమిషాలు కూడా నిలవడం లేదు. ఎవరో పెద్దాయన ఎదురుగా నిలబడి సర్వే నంబరు చెబుతూ ఉంటారు, నేను టైపు చేస్తూ ఉంటాను, ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడిపోతుంది. మళ్లీ మొదటినుంచి. అందుకే ఆన్‌లైన్‌లో కొత్త బ్యాటరీ తెప్పించి, శనివారం శ్రీకాకుళం వెళ్లి ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర తెలిసిన మెకానిక్ చేత వేయించాను. ఆయన మూత బిగించి, చార్జర్ పెట్టి ఆన్ చేశాడు, బాగానే ఆన్ అయింది. నేనూ చూసుకోకుండా వచ్చేశాను. ఇంటికొచ్చి చార్జర్ తీయగానే టప్పున ఆగిపోయింది. మళ్లీ చార్జర్ పెట్టి చూస్తే బ్యాటరీ బొమ్మ మీద ఎర్ర ఇంటూ గుర్తు, దాని మీద మౌస్ పెడితే బ్యాటరీ కనబడలేదు అని వస్తోంది. సున్నా శాతం అని కూడా కాదు, అసలు బ్యాటరీయే లేదట.

ఆదివారమంతా దీంతోనే కూర్చున్నాను. ఇవాళ టీ కొట్టు వాళ్లని బతిమాలి వాళ్ల ప్లగ్ దగ్గర కూర్చుని పని చేశాను, రోజూ అలా కుదరదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే మదర్‌బోర్డ్ పోయి ఉంటుంది, తీసుకురా చూద్దాం అంటున్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దారి చూపండి.


గంటస్తంభం_విజయనగరం
సోమవారం రాత్రి 9:40

అన్నా, ముందు ఖర్చు లేని పని చెయ్యండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి బ్యాటరీస్ అనే వరుస విప్పండి. అందులో మైక్రోసాఫ్ట్ ఏసీపీఐ కంప్లయంట్ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ అని ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే అదే తిరిగి వస్తుంది. మా ఆఫీసులో ఒక లాప్‌టాప్‌కి దీనితోనే సరిపోయింది.


రాజాం_రిపేరు
సోమవారం రాత్రి 10:25

పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. గంటస్తంభం గారు చెప్పింది తప్పేమీ కాదు, దానివల్ల నష్టం లేదు. కానీ బ్యాటరీ ఉందా లేదా అన్నది విండోస్ సొంతంగా కనిపెట్టదు. మదర్‌బోర్డ్ మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అని చిన్న చిప్ ఉంటుంది, బ్యాటరీతో మాట్లాడేది అది. అది చెప్పిన మాటే విండోస్ మనకి చూపిస్తుంది. ఆ చిప్‌కే బ్యాటరీ కనబడకపోతే విండోస్‌లో ఎన్ని మార్చినా, చివరికి ఫార్మాట్ కొట్టినా ఉపయోగం ఉండదు. దయచేసి ఫార్మాట్ కొట్టకండి, మీ అర్జీల ఫైళ్లన్నీ పోతాయి.

కాబట్టి విండోస్ రాకముందే చూడాలి. చార్జర్ పెట్టి, ఆన్ చేస్తూనే ఎఫ్ 2 నొక్కుతూ ఉండండి. హెచ్‌పీ వాళ్ల డయాగ్నస్టిక్స్ వస్తుంది, అందులో కాంపోనెంట్ టెస్టుల కింద బ్యాటరీ ఉంటుంది. అక్కడ ఏం రాసిందో అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ రాయండి. అలాగే కొత్త బ్యాటరీ లేబుల్ మీది నంబరు, వోల్టులు, వాట్ అవర్‌లు. పాతదాని లేబుల్ కూడా.


వంశధార_గట్టు
సోమవారం రాత్రి 11:05

గంటస్తంభం గారు చెప్పింది చేశాను, ఏ మార్పూ లేదు.

ఎఫ్ 2లో బ్యాటరీ టెస్టు కొడితే బ్యాటరీ ఇన్‌స్టాల్ చేసి లేదు అన్న అర్థంలో వచ్చి ఆగిపోయింది. టెస్టు మొదలే కాలేదు.

లేబుల్ ఫొటో వేయించేటప్పుడు ఫోన్‌లో తీసుకున్నాను. కొత్తదాని మీద హెచ్‌టీ03ఎక్స్‌ఎల్, 11.55 వోల్టులు, 41 వాట్ అవర్‌లు అని ఉంది. పాతది మెకానిక్ దగ్గరే వదిలేశాను, కానీ దాని ఫొటో చూసే కొత్తది ఆర్డర్ పెట్టాను, నంబరు అదే.


ఉద్దానం_జీడి
మంగళవారం ఉదయం 6:50

వోల్టులు, నంబరు సరిపోయాయి కాబట్టి భయపడకండి. నాకు జరిగింది చెబుతాను.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వైపు కొబ్బరిచెట్లు, జీడితోటలు, కరెంటు స్తంభాలు అన్నీ ఒకేసారి పడిపోయాయి. రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాం. అప్పటినుంచి నాకు ఒక స్పేర్ బ్యాటరీ కొని బీరువాలో పెట్టుకోవడం అలవాటైంది. నా లాప్‌టాప్ పాత మోడల్, బ్యాటరీ బయటినుంచే ఊడి వస్తుంది. ఆ స్పేరు ఏడాదిన్నర తర్వాత తీసి తగిలిస్తే అచ్చం మీకు వచ్చినట్టే వచ్చింది, బ్యాటరీ లేదని. పారేద్దామనుకున్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి చెబితే లాప్‌టాప్ ఆపేసి చార్జర్ మాత్రం పెట్టి రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి లైటు వెలిగింది, ఆన్ చేస్తే నాలుగు శాతం చూపించింది. ఆ నాలుగు శాతం చూసి నేను పొందిన ఆనందం ఇంతా అంతా కాదు.

బ్యాటరీ లోపలి సెల్‌ల చార్జి బాగా పడిపోతే లోపలి రక్షణ సర్క్యూట్ దారి మూసేసుకుంటుందట. చార్జర్ చాలా తక్కువ కరెంటుతో మెల్లగా నింపితే మళ్లీ తెరుచుకుంటుంది. కొత్త బ్యాటరీలు కూడా పూర్తి చార్జితో రావు. లిథియం అయాన్ బ్యాటరీలను విడిగా విమానంలో సరుకుగా పంపాలంటే 30 శాతానికి మించి చార్జి ఉండకూడదని 2016 ఏప్రిల్ నుంచి రూలు ఉంది. అలా వచ్చినవి గోడౌన్లో నెలలు నెలలు ఉండిపోతే ఇంకా దిగిపోతాయి. ఒక రాత్రి చూడండి, పోయేదేం లేదు.


ఆమదాలవలస_ప్యాసింజర్
మంగళవారం ఉదయం 8:15

రాత్రి చార్జింగ్‌తో పాటు ఇంకోటి. చార్జర్ తీసేసి, మూత విప్పి బ్యాటరీ కనెక్టర్ కూడా పీకేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కరెంటు ఖాళీ అయి ఆ కంట్రోలర్ చిప్ మొదటినుంచి లేస్తుంది. తర్వాత బ్యాటరీ తగిలించి, చివర్లో చార్జర్. మా చెల్లి లాప్‌టాప్ దీంతో దారికొచ్చింది.

ఒక జాగ్రత్త. ఎవరైనా బయాస్, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డులోని ప్రోగ్రాం, అప్‌డేట్ చెయ్యమంటే ఇప్పుడు మాత్రం చెయ్యకండి. బ్యాటరీ లేకుండా చార్జర్ మీద మాత్రమే నడుస్తున్న లాప్‌టాప్‌లో అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే, అప్పుడు నిజంగానే మదర్‌బోర్డ్ పని చెప్పాల్సి వస్తుంది. మన వైపు మధ్యాహ్నం కరెంటు సంగతి తెలిసిందే కదా.


చీపురుపల్లి_కుర్రోడు
మంగళవారం మధ్యాహ్నం 1:30

అన్నా, రాత్రంతా ఎందుకు. 12 వోల్టుల అడాప్టర్ వైర్లు రెండూ బ్యాటరీ కనెక్టర్‌లో రెండు చివర్ల పిన్నులకి ఒక నిమిషం తగిలిస్తే బ్యాటరీ లేస్తుంది. వీడియోలో చూశాను.


రాజాం_రిపేరు
మంగళవారం మధ్యాహ్నం 1:48

వద్దు. ఎవరూ చెయ్యకండి. తమ్ముడూ, నువ్వు సాయం చేద్దామనే చెప్పావు, నాకు కోపం లేదు. కానీ ఇది చదివి ఇంకెవరైనా చేస్తారేమోనని గట్టిగా రాస్తున్నాను.

ఆ కనెక్టర్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. ప్లస్, మైనస్ పక్కనే సమాచారం వెళ్లే సన్న తీగలు ఉంటాయి, వాటి మీద మామూలుగా నడిచేది మూడు వోల్టుల చిల్లర. నీ చేతిలో వైరు ఒక్కసారి జారి 12 వోల్టులు వాటి మీద పడితే బ్యాటరీలోని చిప్ కాలిపోతుంది. అడుగంటిన సెల్‌లోకి అడ్డూ ఆపూ లేకుండా కరెంటు తోస్తే వేడెక్కి, ఉబ్బి, మంట కూడా రావచ్చు. మా షాపులో టేబుల్ మీద అలాంటి సెల్ ఒకటి పొగలు కక్కడం నేను కళ్లారా చూశాను. ఆ వాసన నెల రోజులు పోలేదు. లాప్‌టాప్‌లోని చార్జింగ్ సర్క్యూట్ పరిస్థితి చూసుకుంటూ మెల్లగా నింపుతుంది, ఆ పని దానికే వదిలెయ్యాలి.


చీపురుపల్లి_కుర్రోడు
మంగళవారం మధ్యాహ్నం 2:10

సరే అన్నా, నాకు ఇంత తెలియదు. వంశధార అన్నా, నేను చెప్పింది చెయ్యకండి.


వంశధార_గట్టు
బుధవారం ఉదయం 7:05

లేదు తమ్ముడూ, చెయ్యలేదు.

రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరు వరకు ఆపేసి చార్జర్ పెట్టి ఉంచాను. మధ్యలో రెండుసార్లు లేచి లైటు చూశాను, వెలగలేదు. పొద్దున్నే స్క్రూలు విప్పి కనెక్టర్ తీసి, బటన్ అర నిమిషం నొక్కి మళ్లీ పెట్టాను. రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు ఉంటాయని తెలియక మూత విరగ్గొట్టబోయాను, మా అమ్మాయి వీడియో చూసి చెప్పింది. ఇంత చేసినా అదే ఎర్ర ఇంటూ.

ఇంక మదర్‌బోర్డేనా? అలా అయితే ఆ ఖర్చుకి నేను తట్టుకోలేను.


టెక్కలి_మాస్టారు
బుధవారం ఉదయం 9:30

బాబూ, అధైర్యపడకు. ఒక చిన్న అనుమానం తీర్చు. నువ్వు వాడే చార్జర్ లాప్‌టాప్‌తో వచ్చిందేనా? చార్జర్ పిన్ను నడుమ సన్నటి సూది లాంటిది ఉంటుంది చూడు, అది వంగితే చార్జర్ ఏదో లాప్‌టాప్ గుర్తుపట్టలేదు, బ్యాటరీకి చార్జింగ్ ఇవ్వదు. మా కాలేజీలో డెల్ లాప్‌టాప్‌లకి తరచూ ఇదే గొడవ, ఆన్ చేయగానే అడాప్టర్ రకం తెలియడం లేదని చూపిస్తుంది.


రాజాం_రిపేరు
బుధవారం ఉదయం 10:20

మాస్టారూ, మీరు చెప్పేది నిజంగా జరిగేదే, కానీ అప్పుడు బ్యాటరీ కనబడుతుంది, చార్జి మాత్రం ఎక్కదు. ఈయనకి బ్యాటరీయే కనబడటం లేదు. చార్జి ఎక్కకపోతే చార్జర్, దాని సాకెట్, బ్యాటరీ వయసు, సెట్టింగులు చూడాలి. కనబడకపోతే బ్యాటరీకీ బోర్డుకీ మధ్య మాట తెగిపోయిందని అర్థం. మా దగ్గరికి వచ్చేవాళ్లు రెండింటినీ బ్యాటరీ పనిచేయడం లేదు అనే అంటారు, అక్కడే సగం రోజు పోతుంది.

మూడో రకం కూడా ఉంది. కొన్ని మోడళ్లలో కంపెనీ తన బ్యాటరీ కాకపోతే ఒప్పుకోదు. 2012లో వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్230, టీ430 లాప్‌టాప్‌లు అలాంటివి, ఆన్ చేయగానే ఈ బ్యాటరీని ఈ సిస్టం సపోర్ట్ చేయదు, చార్జ్ చేయదు అని స్క్రీన్ మీదే రాసి చూపిస్తాయి. ఈయనకి అలాంటి మాటేమీ రాలేదు.

వంశధార గారూ, ఇప్పుడు జాగ్రత్తగా వినండి. లాప్‌టాప్ బ్యాటరీ అంటే మూడు సెల్‌లు, పైన ప్లాస్టిక్ తొడుగు, అంతే కాదు. లోపల ఒక చిన్న బోర్డు ఉంటుంది. ఎంత చార్జి ఉంది, ఎంత వేడిగా ఉంది, ఎన్నిసార్లు నిండి ఖాళీ అయింది, అన్నీ అది లెక్క రాసుకుని లాప్‌టాప్‌కి చెబుతుంది. ఈ పద్ధతికి 1990లలోనే ఇంటెల్, డ్యూరాసెల్ కలిసి నియమాలు రాశాయి, ఇప్పటికీ చాలా లాప్‌టాప్‌లు ఆ దారిలోనే నడుస్తున్నాయి. మీ కనెక్టర్‌లోకి వెళ్లే తీగల గుత్తి చూడండి. కరెంటు మోసేవి ప్లస్, మైనస్‌లు. మిగతా సన్న తీగల్లో ఒకటి లయ చెప్పేది, అంటే క్లాక్, ఒకటి మాట మోసేది, అంటే డేటా. బ్యాటరీ తగిలించి ఉందని చెప్పడానికి, వేడి చెప్పడానికి ఇంకొన్ని. సెల్‌లు నిండుగా ఉన్నా సరే, ఆ సన్న తీగల్లో ఒక్కటి తెగితే లాప్‌టాప్‌కి బ్యాటరీ లేనట్టే.

అంటే తప్పు బ్యాటరీలో ఉండొచ్చు, కనెక్టర్‌లో ఉండొచ్చు, బోర్డులో ఉండొచ్చు. బోర్డు అని చెప్పే ముందు మీ మెకానిక్ చెయ్యాల్సిన పని ఒకటుంది, ఆయన ఎందుకు చెయ్యలేదో నాకు అర్థం కాలేదు. పాత బ్యాటరీ తిరిగి పెట్టి చూడాలి. అది ఇరవై నిమిషాలే నిలిచినా పర్వాలేదు, గుర్తుపడితే చాలు, బోర్డు బాగుందని తేలిపోతుంది. దానికి మించిన పరీక్ష లేదు, పైసా ఖర్చు లేదు. పాత బ్యాటరీ ఇంకా ఆయన దగ్గర ఉందేమో ఇప్పుడే ఫోన్ చేసి అడగండి. పాత సామాను వాళ్లకి వేసేస్తే మళ్లీ దొరకదు.

ఉబ్బి ఉంటే మాత్రం పెట్టకండి. టేబుల్ మీద పెట్టి కదిపితే ఊగకుండా చదునుగా ఉండాలి.


బొబ్బిలి_వీణ
బుధవారం ఉదయం 11:00

రాజాం అన్నా, మల్టీమీటర్‌తో చూస్తే తేలదా? నా దగ్గర ఒకటి ఉంది, నా పాత బ్యాటరీ కొలిస్తే సున్నా వచ్చింది. చచ్చిపోయిందనుకుని తీసేశాను.


రాజాం_రిపేరు
బుధవారం ఉదయం 11:15

తల్లీ, సున్నా వచ్చినంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు. చాలా బ్యాటరీలు లాప్‌టాప్‌కి తగిలించి ఉన్నామని తెలిస్తేనే బయటికి కరెంటు వదులుతాయి. విడిగా పట్టుకుని కొలిస్తే మంచిదానికి కూడా సున్నా రావచ్చు. పైగా మీటరు ముల్లు రెండు పిన్నులకి ఒకేసారి తగిలితే షార్ట్ అవుతుంది. అలవాటు లేనివాళ్లు కొలవకపోవడమే మేలు.


వంశధార_గట్టు
బుధవారం రాత్రి 8:45

మెకానిక్ దగ్గర పాత బ్యాటరీ ఉంది! అట్టపెట్టెలో ఇంకో నాలుగింటి కింద ఉంది, శుక్రవారం పాత సామాను వాళ్లు వస్తారట. పని మధ్యలోనే బల్ల సర్దేసి బస్సెక్కి వెళ్లాను.

ఆయన బల్ల మీదే చదునుగా ఉందో లేదో చూసి పెట్టాం. ఆన్ చేయగానే 11 శాతం, చార్జింగ్ అని వచ్చేసింది. ఒక్క క్షణం కూడా పట్టలేదు. నా చేతులు వణికాయి. అంటే బోర్డు బాగుంది కదా? మెకానిక్ కూడా నిజమే, తొందరపడి అన్నాను అన్నాడు. మంచివాడే, శనివారం షాపు నిండా జనం ఉన్నారు, ఆయన్ని తప్పుపట్టలేను.

కొత్తది మళ్లీ పెడితే మళ్లీ ఎర్ర ఇంటూ. ప్రస్తుతానికి పాతదే ఉంచుకుని వచ్చాను, కొత్తది సంచిలో ఉంది.


కళింగపట్నం_లైట్‌హౌస్
బుధవారం రాత్రి 9:20

బోర్డు బాగుందంటే పెద్ద గండం గడిచినట్టే. ఇప్పుడు కొత్తదాని కనెక్టర్‌ని దగ్గరనుంచి చూడండి. మాది సముద్రం ఒడ్డు ఊరు, ఉప్పు గాలికి దేనికైనా తుప్పు పడుతుంది. నా లాప్‌టాప్‌లో బ్యాటరీ పిన్నుల మీద ఆకుపచ్చటి పొడి పేరుకుని ఇదే గొడవ వచ్చింది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని బ్రష్‌తో తుడిస్తే పోయింది. మీది కొత్తది, తుప్పు ఉండదు, కానీ పిన్ను ఏదైనా వంగిందేమో. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఫోన్ టార్చి వేసి, జూమ్ చేసి ఫొటో తియ్యండి. మన కంటికి కనబడనిది ఫోన్‌కి కనబడుతుంది.


వంశధార_గట్టు
గురువారం ఉదయం 6:30

మీ నోట్లో పంచదార పొయ్యాలి. దొరికింది.

రాత్రి మూత విప్పి మా అమ్మాయి టార్చి పట్టుకుంటే నేను ఫొటోలు తీశాను. పాతదాని కనెక్టర్‌లో చిన్న చిన్న గదులు, ప్రతి గది అంచులోనూ బంగారు రంగు రేకు ఒకే ఎత్తులో మెరుస్తోంది. కొత్తదానిలో ఎడమనుంచి నాలుగో గది చీకటిగా ఉంది. మొదట అక్కడ పిన్నే లేదనుకున్నాం. పక్కకి వంచి వెలుతురు వేస్తే లోపల, బాగా వెనక్కి, రేకు కనబడింది. మిగతావి గుమ్మంలో నిలబడితే ఇది ఇంట్లోకి వెళ్లి కూర్చుంది. ఆ గదిలోకి వెళ్లే తీగని వెనకనుంచి వేలితో మెల్లగా తాకితే అది ఒక్కటే కదులుతోంది, మిగతావన్నీ బిగుతుగా ఉన్నాయి. ఫొటో పెట్టాను చూడండి.

సూదితో ముందుకు తోసెయ్యమంటారా?


రాజాం_రిపేరు
గురువారం ఉదయం 7:10

సూది వద్దు! బ్యాటరీలో చార్జి ఉంది, సూది లోహం. పక్క పిన్నుకి తగిలిందంటే ఇంతవరకు కాపాడుకున్న చిప్ పోతుంది.

మీ ఫొటో చూశాను, అనుమానం లేదు. తీగ చివర ఉండే రేకుకి వెనక చిన్న ముల్లు ఉంటుంది, అది ప్లాస్టిక్‌లో కరుచుకుని ఉండాలి. తయారీలో సరిగా కరుచుకోలేదు, మనం కనెక్టర్ నొక్కినప్పుడు ఎదురు పిన్ను దాన్ని వెనక్కి నెట్టేసింది. పైనుంచి చూస్తే కనెక్టర్ పూర్తిగా కూర్చున్నట్టే ఉంటుంది. నా అంచనా ప్రకారం అది సన్న తీగల్లో ఒకటి, డేటాయో క్లాకో.

నా దగ్గరికి తెస్తే ప్లాస్టిక్ పనిముట్టుతో వెనకనుంచి తోసి టిక్కుమని కరుచుకునేలా చేస్తాను, ఐదు నిమిషాల పని. కానీ చెయ్యమని చెప్పను. కొని వారం కాలేదు, అమ్మినవాళ్లు మార్చి ఇవ్వాలి. మనం చెయ్యి పెడితే మీరే పాడు చేశారంటారు. పైగా ఒక రేకు సరిగా బిగించని బ్యాటరీలో మిగతావి ఎలా బిగించారో? కరెంటు మోసే ప్లస్ రేకే వదులుగా ఉంటే అది వేడెక్కుతుంది. మార్పించండి.


టెక్కలి_మాస్టారు
గురువారం ఉదయం 8:00

బాబూ, అమ్మినవాళ్లు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. బిల్లు, ఈ ఫొటో, డబ్బా అన్నీ దాచి ఉంచు. మార్చి పంపినదాని లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16046 అన్న సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా అని చూసుకో. మన దేశంలో అమ్మే లిథియం బ్యాటరీలకి అది తప్పనిసరి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో చూపిస్తుంది.


వంశధార_గట్టు
తర్వాతి బుధవారం రాత్రి 9:30

ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించండి. అమ్మినవాళ్లు మొదట విండోస్ మళ్లీ వేసుకోమన్నారు. నేను రాజాం అన్న చెప్పిన మాటలే చెప్పాను: ఎఫ్ 2 టెస్టులో కూడా కనబడటం లేదు, పాతది పెడితే కనబడుతోంది, కనెక్టర్‌లో నాలుగో పిన్ను లోపలికి పోయింది, ఇదిగో ఫొటో, ఇదిగో వీడియో. అవతల మనిషి ఇంక ఏమీ అడగలేదు. నిన్న మార్చి పంపారు.

ఈసారి డబ్బా విప్పగానే లాప్‌టాప్‌లో పెట్టకుండా ముందు కనెక్టర్ చూశాను. అన్ని రేకులూ ఒకే వరుసలో ఉన్నాయి. తీగలు ఒక్కొక్కటీ తాకి చూశాను, ఏదీ కదలలేదు. నేనే తగిలించి, మూత బిగించకుండానే ఎఫ్ 2 కొట్టాను. టెస్టు మొదలైంది, పాస్ అని వచ్చింది. అప్పుడే స్క్రూలు బిగించాను. విండోస్‌లో 27 శాతం. మాస్టారు చెప్పిన యాప్‌లో నంబరు కూడా సరిపోయింది.

ఇవాళ చెట్టు కింద పదిన్నరకి మొదలుపెట్టి ఒంటిగంటన్నర వరకు ఆగకుండా టైపు చేశాను. పదకొండు అర్జీలు. ఇంకా చార్జి మిగిలింది. అందరికీ రుణపడి ఉన్నాను.

ఒక్క సందేహం. 35 శాతం ఉన్నది ఉన్నట్టుండి 24కి పడింది. ఇది కూడా పాడైందా?


రాజాం_రిపేరు
తర్వాతి బుధవారం రాత్రి 9:55

చాలా సంతోషం. ఆ దూకడం గురించి కంగారు వద్దు. లోపలి చిప్‌కి తన సెల్‌లు ఎంత పట్టుకుంటాయో ఇంకా అనుభవం లేదు. ఒకసారి వంద వరకు నింపి, ఒక గంట అలాగే ఉంచి, ఐదారు శాతం వరకు వాడి, మళ్లీ ఆపకుండా వంద వరకు నింపండి. అలా రెండుసార్లు చేస్తే లెక్క కుదురుతుంది. రోజూ చెయ్యకండి, సెల్‌కి మంచిది కాదు.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. ఒక పేజీ తయారవుతుంది, అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. అవి మిల్లీవాట్ అవర్‌లలో ఉంటాయి, రెండూ 41,000 దరిదాపుల్లో ఉండాలి. రెండోది ఇప్పుడే 30,000 ఉంటే మాత్రం నాకు చెప్పండి.


వంశధార_గట్టు
శనివారం రాత్రి 8:20

రెండుసార్లు నింపి ఖాళీ చేశాను. మొదటిది 41,040, రెండోది 40,580. ఇప్పుడు అంకె దూకడం లేదు, ఒక్కొక్కటిగా దిగుతోంది.


కళింగపట్నం_లైట్‌హౌస్
శనివారం రాత్రి 8:45

బాగుంది. పాత బ్యాటరీ ఇప్పుడే ఇచ్చెయ్యకండి, ఉబ్బనంత కాలం ఒక నెల ఉంచుకోండి. తర్వాత కూడా చెత్తబండిలో వెయ్యొద్దు, బ్యాటరీలు తీసుకునే చోటే ఇవ్వండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం ఇంటి చెత్తలో కలపకూడదు. చెత్తబండిలో నలిగితే మంట లేస్తుంది, అది ఎత్తేవాళ్ల చేతుల్లోనే.


గజపతినగరం_కొత్త
ఆదివారం ఉదయం 10:10

ఈ చర్చ మొత్తం చదివాను. నాకూ ఇదే గొడవ, వేరే కంపెనీ లాప్‌టాప్, కొత్త బ్యాటరీ నిన్ననే విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర వేయించాను, బ్యాటరీ లేదంటోంది. బయాస్‌లో కూడా లేదు. బోర్డు మార్చాలన్నారు.


రాజాం_రిపేరు
ఆదివారం ఉదయం 10:14

పాత బ్యాటరీ ఎక్కడుంది?


గజపతినగరం_కొత్త
ఆదివారం ఉదయం 10:20

షాపులోనే వదిలేశాను.


వంశధార_గట్టు
ఆదివారం ఉదయం 10:22

ఇప్పుడే ఫోన్ చెయ్యండి. పెట్టెలో అడుగున ఉండొచ్చు, వెతకమనండి.